బ్యాటరీ పడుకునే ఇల్లు

చలి కొండల మధ్య ఊరు నారిన్. అక్కడి బజారు చివర ఇనప కంటైనరులో ఎసెన్ దుకాణం. బళ్లకు వచ్చే కరెంటు జబ్బులన్నీ చివరికి అతని చేతికే వస్తాయి. చెయ్యి ఎంత చురుకో నోరు అంత బద్ధకం. ఇంటి గుట్టు విషయంలో మరీను. బావ పోయాక ఏటి అవతల ఒంటరిగా ఉంటున్న అక్క బురుల్ సంగతి ఎవరైనా ఎత్తితే, బాగానే ఉందని అక్కడికక్కడే తుంచేస్తాడు. ఊరి నోళ్లు ఎలాంటివో అతనికి తెలుసు. వాటిలో సగం రోజూ అతని దుకాణం ముందే టీ తాగుతాయి.

ఆ చలికాలం మొదట్లో బొగ్గు లారీల యజమాని కలీస్ జీపీఎస్ పెట్టెలు తెచ్చాడు. సరుకు దారిలో దిగిపోతోందని అతని అనుమానం. బండి తాళం తీసేసినా పెట్టె మేలుకునే ఉండాలన్నాడు. ఎసెన్ ఒక్కో లారీకీ మీటర్ల పలక ఊడదీసి, పెట్టెను దాని వెనక దాచి, ఎర్ర తీగను ఫ్యూజు మీదుగా తిన్నగా బ్యాటరీకి, నల్ల తీగను బండి ఇనుముకు కలిపాడు.

మిగతా లారీలు కంపెనీ షెడ్డులో వెచ్చగా ఉండేవి. దూరపు గనికి తిరిగే డ్రైవరు ఒరోజ్ లారీ మాత్రం ఏటి ఒడ్డున రోడ్డు మీదే ఆగేది. దాని పెట్టె రోజూ చీకటి పడగానే మూగపోయి తెల్లారాక పలికేది. తీగ కోసేసి రాత్రిళ్లు బొగ్గు అమ్ముకుంటున్నాడని కలీస్ తేల్చేశాడు. పనిలోంచి తీసేసే ముందు తెగిన తీగ కళ్లారా చూద్దామని లారీతో సహా ఎసెన్ దగ్గరికి వచ్చాడు.

తీగ ఎక్కడా తెగలేదు. బ్యాటరీకి చుట్టిన కంబళి ముక్క, మోసే పట్టీ కనబడగానే ఎసెన్‌కు సిగ్గేసింది. చలికాలంలో బండి బయట పెట్టే నారిన్ డ్రైవరెవడూ బ్యాటరీని మంచుకు వదలడు, వదిలితే పొద్దున బండి లేవదు. సాయంత్రం ఊడదీసి ఇంటికి మోసుకెళ్లి పొయ్యి పక్కన పెట్టుకుంటాడు. ఎసెన్ చేసేదీ అదే. గుమ్మంలో బూట్లు విప్పడమంత అలవాటు కనక ఒరోజ్‌కు చెప్పాలనీ తోచలేదు, ఇతనికి అడగాలనీ తోచలేదు.

తప్పు తనదేనని ఒప్పుకుని, పెట్టెను ఊడదీసి బ్యాటరీకే కట్టేస్తానన్నాడు. బ్యాటరీ లేనిదే లారీ కదలదు, అది ఎక్కడుందో తెలిస్తే చాలదా అన్నాడు. కలీస్ సరేనన్నాడు. ఒరోజ్ ఒక్కడే ఏదో చెప్పబోయి, టోపీ సర్దుకుని ఊరుకున్నాడు. ఉద్యోగం నిలిచిన సంతోషమనుకున్నాడు ఎసెన్.

వారం తిరక్కుండానే కలీస్ మళ్లీ ఒరోజ్‌ను వెంటబెట్టుకుని దిగాడు. టీ తాగే డ్రైవర్లందరి ముందూ పెట్టె జాడ చూపే ఉపగ్రహ పటం తీసి ఫోను చాపాడు.

"నీ ఇల్లు ఏటికి ఇటు. ఈ పెట్టె రోజూ రాత్రి ఏటికి అటు, ఓ ఇంట్లో ఉంటోంది. నా బొగ్గు అక్కడ దింపుతున్నావు. ఆ ఇల్లెవరిదో చెప్పు, లేదా తాళాలు అక్కడ పెట్టు."

ఒరోజ్ పెళ్లాం పోయినవాడు, పిల్లల్లేరు, బతుకంతా ఆ లారీయే. తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

ఎసెన్ ఫోను అందుకుని చూశాడు. నడక వంతెన, దాని పక్క మలుపు, తను స్వయంగా మేకులు కొట్టిన నీలం కప్పు. కట్టెలు కొట్టడానికి నువ్వు రానక్కర్లేదురా అని అక్క ఈ శరదృతువులో ఎందుకందో ఇప్పుడు తెలిసింది. ముందు ఒళ్లు మండింది. ఒక్కమాట చెప్పలేదు, ఇద్దరూ. తర్వాత బల్ల మీది తాళాల వైపు చూశాడు. తన అక్క పేరు పదిమందిలో ఎత్తకుండా ఉండడానికి ఆ మనిషి పెట్టినవి.

"అది మా అక్క ఇల్లు," అన్నాడు. "అటు పోయేది నడక వంతెన, లారీ పట్టదు. బ్యాటరీ రాత్రిళ్లు మా అక్క పొయ్యి పక్కన ఉంటోంది. అంతే."

టీ గిన్నెలు ఎక్కడివక్కడ ఆగాయి. కలీస్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఎసెన్ తాళాలు తీసి ఒరోజ్ చేతిలో పెట్టాడు.

"పొద్దెక్కుతోంది, బయల్దేరు బావా. సాయంత్రం నేనూ వస్తున్నానని అక్కకి చెప్పు."