పాము ఒక్కదాన్నే అడగలేదు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి వేసవిలో నన్ను బాన్సువాడ పాస్టరేట్‌కు బదిలీ చేశారు. పాస్టరేట్ అంటే ఒక గురువు కింద ఉండే సంఘాలన్నీ కలిపి. పట్టణంలో పెద్ద గుడి, బిచ్కుంద దారిలోనూ కోటగిరి వైపూ ఊళ్ళలో చిన్న ప్రార్థన మందిరాలు, అన్నింటికీ నేనొక్కణ్ణే ప్రెస్బిటర్‌ను, అంటే గురువును. ఊళ్ళలో ప్రార్థనలు నడిపించడానికి నా కింద ఉపదేశులు ఉండేవారు. బాప్తిస్మం ఇవ్వాలన్నా, ప్రభు భోజనంగా రొట్టె, ద్రాక్షరసం వడ్డించాలన్నా, పెళ్ళి చేయాలన్నా మాత్రం అభిషేకం పొందిన గురువే రావాలి. నా పైన మా చర్చి జిల్లా సూపరింటెండెంటు. జీతం తక్కువ, మోటారు సైకిలు మీద తిరుగుడు ఎక్కువ. అయినా ఆ ఉద్యోగం బాగా చేశానని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఎందుకో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

మా సంఘాలలో క్రమశిక్షణ అనే మాటకు ప్రత్యేకమైన అర్థం ఉంది. ఎవరైనా తప్పు చేశారని తేలితే గురువు వారిని ప్రభు భోజనానికి దూరంగా ఉంచవచ్చు. నియమం ప్రకారం ముందు ఇద్దరు పెద్దల సమక్షంలో ఆ మనిషిని పిలిచి అడగాలి. విన్న తరువాత మందలించి వదిలేయవచ్చు, లేదా కొంతకాలం ఆపవచ్చు. పెద్దలంటే సంఘం ఎన్నుకున్న కమిటీ సభ్యులు. వారు సలహా చెబుతారు, నిర్ణయం గురువుది. బాన్సువాడలో నేను వెళ్ళేసరికే ఒక సొంత ఆచారం పాతుకుపోయి ఉంది. ఎవరి మీదనైనా మాట పుడితే పెద్దలు కబురు పంపేవారు. వచ్చే ఆదివారం నుంచి ఆ మనిషి తలుపు దగ్గర చాప మీద కూర్చోవాలి. అడగడం తరువాతి సంగతి. ఒక్కోసారి ఆ అడగడం జరిగేదే కాదు, కూర్చున్న మనిషే అలవాటుపడిపోయేవాడు.

ఆ ఏడు సువార్తమ్మ కూతురి పెళ్ళి కుదిరింది. సువార్తమ్మ నాట్లు వేసే ఆడవాళ్ళ జట్టుకు పెద్ద, మా పాటల బృందంలో ముందు గొంతు ఆమెదే. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో వధూవరుల పేర్లు చదవాలి. దాన్ని ప్రకటన అంటాం. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆలోగా చెప్పాలి. మొదటి ప్రకటన సాఫీగా జరిగింది. రెండో ఆదివారం నేను పేర్లు చదివి తలెత్తేసరికి సువార్తమ్మ చాప మీద ఉంది. నాకు ఒళ్ళు మండింది. గురువును నేనో, పెద్దలో తేలాల్సిన రోజు వచ్చిందనుకున్నాను.

ఆరాధన కాగానే పెద్దల్లో ఒకడైన ప్రకాశాన్ని పిలిచి అడిగాను. ప్రకాశం చెడ్డవాడు కాదు. గుడి ప్రహరీకి ఇసుక మొత్తం తన ట్రాక్టరుతో తోలి ఒక్క రూపాయి తీసుకోని మనిషి. కానీ ఒకసారి ఒక మాట అనుకున్నాడంటే దేవుడు దిగివచ్చినా వెనక్కి తీసుకోడు. సువార్తమ్మ బిచ్కుంద దగ్గరి తన పుట్టింటికి ఎల్లమ్మ పండుగకు వెళ్ళి, అక్కడ కోసిన మేకమాంసం తిన్నదనీ, అమ్మవారికి పెట్టినది తినడం మన నియమానికి విరుద్ధమనీ చెప్పాడు. ఆమె సంఘం ముందు నిలబడి అది పాపమని ఒప్పుకోవాలి, అప్పటిదాకా మూడో ప్రకటన చదవకూడదు. ఇదీ పెద్దల మాట.

వెస్ట్రీ గదిలో, అంటే గురువు అంగీ మార్చుకునే గదిలో, ప్రకాశం, మరో పెద్ద ఎదుట సువార్తమ్మను కూర్చోబెట్టి అడిగాను. ఆమె కళ్ళు దించుకోలేదు.

"తిన్న అయ్యగారు. ఎవ్వలు బలవంతం జెయ్యలే. నేను బాప్తిస్మం తీస్కున్నప్పటి సంది మా అన్న నాతోని మాట్లాడలే. మొన్న ఆయనే వచ్చి పిల్సిండు. పీట ఏసి, తన చేతితోని పెట్టిండు. నేను లేసొస్తే ఇగ మళ్ల పిలుస్తడా? తప్పయితే నాదే, మా అన్ననేమనకుండ్రి."

ఆ తరువాత అసలు చిక్కు చెప్పింది. మేనమామగా పిల్లకు బట్టలు పెట్టడానికి అన్న సాయిలు పెళ్ళికి వస్తానని మాట ఇచ్చాడు. తాను గుడిలో అందరి ముందూ అన్న పెట్టిన అన్నం పాపమని చెబితే ఆ మాట సాయంత్రానికి బిచ్కుంద చేరుతుంది. చెప్పకపోతే బిడ్డ పెళ్ళి గుడిలో జరగదు. ఇన్నేళ్ళకు కలిసిన అన్నను పోగొట్టుకోవాలో, గుడిని పోగొట్టుకోవాలో తేల్చుకొమ్మని ఆ ఆడమనిషిని మేము చాప మీద కూర్చోబెట్టాం.

ప్రకాశం కదల్లేదు. "ఆదామును దేవుడు తోట్లకెళ్లి ఎందుకు ఎళ్లగొట్టిండు అయ్యగారు? తిన్నడు. తినుడే పాపం. గీమె గూడ తిన్నది," అన్నాడు.

నా ఉద్యోగకాలంలో వేల ప్రసంగాలు చేసి ఉంటాను. వాటిలో చాలావాటికి జనం కునికిపాట్లు పడ్డారు, అదీ నాకు తెలుసు. ఆ రోజు ముగ్గురు మనుషులకు చెప్పినదే నేను చేసిన వాటన్నింటిలోకీ మంచిదని ఇప్పటికీ నా నమ్మకం. ఆదాము తిన్న పండు ఏ చెట్టుదో, దాని పేరేమిటో గుర్తు తెచ్చుకొమ్మన్నాను. మంచి చెడ్డల తెలివినిచ్చే చెట్టు. పాము చూపిన ఆశ పండు రుచి కాదు, మీరు కూడా దేవుడిలాగా అవుతారన్నది. అంటే ఏది మంచో ఏది చెడో తేల్చే అధికారం మన చేతికి వస్తుందన్న ఆశ. పండు తినడం ఆ ఆశకు చివరి మెట్టు మాత్రమే. తిన్నాక ఆదామూ అతని పెళ్ళామూ ఏం చేశారు? దాక్కున్నారు. మొగుడు పెళ్ళాం మీదికి తోశాడు, ఈమెను నాకిచ్చింది నువ్వే కదా అని దేవుణ్ణి కూడా ఒక మాట అన్నాడు. పెళ్ళాం పాము మీదికి తోసింది. మనిషి సంపాదించిన కొత్త తెలివితో చెప్పిన తొలి తీర్పు పక్కనున్న మనిషి మీదే పడింది. సువార్తమ్మ దాక్కోనూ లేదు, ఎవరి మీదికీ తోయనూ లేదు.

ఇక దేవుడి సంగతి చూడమన్నాను. ఆయనకు అంతా తెలుసు. అయినా ఎక్కడున్నావని అడిగాడు, తిన్నావా అని అడిగాడు, ఎందుకు చేశావని ఆమెనూ అడిగాడు. శిక్ష వేసి పంపేముందు కూడా తోలు బట్టలు తొడిగించాడు. అడగకుండా తీర్పు చెప్పింది పాము ఒక్కదానికే. "మీరు సువార్తమ్మను అడగకముందే చాప మీద కూసోబెట్టిండ్రు ప్రకాశం. మనం ఆమెను దేని లెక్కన చూసినట్టు?" అన్నాను.

అప్పుడు నా నిర్ణయం చెప్పాను. తిన్నది నియమానికి విరుద్ధమే, కాదనను. అందుకు నేను చేయవలసిన మందలింపు ఈ గదిలోనే చేస్తున్నాను, అది ఈ గది దాటదు. సంఘం ముందు నిలబడటం ఉండదు. వచ్చే ఆదివారం ఆమె పాటల బృందంలో ఉంటుంది, మూడో ప్రకటన చదువుతాను. సువార్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. ప్రకాశం మాత్రం నా మాట అర్థమైంది కానీ ఒప్పుకోనని నా ముఖం మీదే చెప్పి, నేరుగా సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళాడు. ఆయన నన్ను పిలిపించారు. నియమంలో ముందు అడగమని ఉంది, అడిగాను, తరువాత నిర్ణయించాను అన్నాను. ఆయన టీ తాగి వెళ్ళమన్నారు. మా శాఖలో అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఉండదు.

పెళ్ళికి సాయిలు వచ్చాడు. మేనకోడలికి బట్టలు పెట్టాడు. ప్రార్థన చేసి వడ్డన మొదలుపెట్టాక విస్తరి ముందు కూర్చుని చెయ్యి పెట్టకుండా ఆలోచిస్తుంటే నేను పక్కన కూర్చున్నాను.

"గీడ తింటివా అని మా ఊర్లె నన్ను గూడ అడుగుతరు సారు," అన్నాడు మెల్లగా.

"అడిగితే మంచిదే సాయిలన్నా. ఏమని చెప్తవు?"

"మా చెల్లె తిన్నది, నేనూ తిన్న. గంతే," అని అన్నం కలుపుకున్నాడు.

కూర బకెట్ పట్టుకుని ఆ వరసలో వడ్డిస్తున్నది ప్రకాశమే. విన్నాడు. సాయిలు విస్తట్లో మరో గరిటె వేసి ముందుకు వెళ్ళాడు. ఆయన నాతో ఆనాడూ ఏకీభవించలేదు, ఈనాడూ ఏకీభవించడు.

ఆ తరువాత నేను పనిచేసిన ప్రతిచోటా కమిటీ మొదటి సమావేశంలోనే, అడగకముందు శిక్ష ఉండదని చెప్పి, రిటైరయ్యేదాకా అలాగే నడిపించాను. తీర్పు చెప్పక తప్పని ఉద్యోగం చేసినవాణ్ణి కనుక తీర్పే వద్దని నేను అనను. అన్నీ తెలిసినవాడే ముందు అడిగాడు. సగం కూడా తెలియని మనం అడగకపోతే, చెబుతున్నది తీర్పు కాదు.