తాళం నా భార్య చేతికి ఇచ్చారు

సహోదరులారా, అమ్మలారా, నన్ను ఆ పాత రోజుల్లో చూసినవాళ్ళు ఈ వరుసల్లో ఇంకా కూర్చుని ఉన్నారు, కాబట్టి నేను దాచేదేమీ లేదు. నా పేరు రత్నరాజు, నర్సీపట్నంలో గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో వెల్డింగ్ పని. తొంభైల చివర్లో నేను, నా భార్య సువార్త, ఇద్దరాడపిల్లలు మా అన్నయ్య ఇంట్లో ఒక గదిలో ఉండేవాళ్ళం. ఒక సాయంత్రం తాగి వచ్చి, పొయ్యి మీంచి దించిన గంజి గిన్నెను కాలితో తన్నాను, అది మా చిన్నపాప కాళ్ళ మీద పడింది. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది! మర్నాడే సువార్త పిల్లల్ని తీసుకుని కోటవురట్లలోని పుట్టింటికి వెళ్ళిపోయింది, అన్నయ్య నన్ను బయటికి పొమ్మన్నాడు, షాపు యజమాని దయతలచి షెడ్డులో పడుకోనిచ్చారు.

పాస్టరుగారు ఆ షెడ్డుకే వచ్చి, ఇనుప ముక్కల మధ్య మోకరించి నా కోసం ఏడ్చారు. నేనూ ఏడ్చాను. "ప్రభువా, మానడం నా వల్ల కాదు, నా చెయ్యి నువ్వే పట్టుకో" అన్నాను. రోజుల తరబడి ఒళ్ళు వణికింది, అన్నం సహించలేదు, చివరికి ఆ దాహం నన్ను విడిచిపోయింది. దేవునికే మహిమ!

నాలుగు నెలలయ్యాక కోటవురట్ల వెళ్ళాను. సువార్త తలుపు చాటునుంచే, "బావగారింటికి నేను రాను. మనకంటూ ఓ ఇల్లు సూసుకో, అప్పుడు సూద్దాం" అంది. నేనెప్పుడూ ఇల్లు అద్దెకు తీసుకున్నవాణ్ణి కాను. ఏ వీధికి వెళ్ళినా నా ముఖం చూడగానే ఇల్లు ఇచ్చేశామనేవారు, ఒకాయన నేను వాళ్ళ అరుగు మీద పడిపోయిన రోజును గుర్తుచేశాడు. మన సంఘంవారే ఒకరు తలుపు వేసుకున్నారు, వారిని నేను తప్పుపట్టను, నేనైనా ఇచ్చి ఉండేవాణ్ణి కాదు.

చివరికి ఒక కొత్త వీధిలో రెండు గదుల పోర్షన్ చూశాను. ఇంటావిడ సత్యవతిగారు నర్సుగా చేసి రిటైరైనావిడ, మన విశ్వాసం కాదు, నేనెవరో ఆవిడకు తెలియదు. "ప్రభువా, ఆవిడ నన్నేమీ అడక్కుండా చెయ్యి" అని లోలోపల ప్రార్థించాను. ఆవిడ అడగనే అడిగారు!

"నిజం సెప్పు బాబూ, తాగుతావా?"

అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది, సహోదరులారా, కానీ దేవుడు దాన్ని అక్కడే ఆపేశాడు. "పదకొండేళ్ళు తాగానమ్మా. మానేసి నాలుగు నెలలయ్యింది. నా పిల్ల కాళ్ళు నావల్లే కాలాయి" అన్నాను.

ఇక ఇల్లు రాదనుకున్నాను. నేను చెప్పులేసుకుని గేటు దాకా వచ్చేశాను. వెనకనుంచి పిలిచారు.

"ఇల్లు నీకివ్వను. నీ ఆడమనిషిని తీసుకురా, ఆ పిల్ల సరేనంటే తాళం దానికిస్తాను. బేగి తీసుకురా."

నేను మర్నాటి పొద్దున్నే మొదటి బస్సెక్కాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. సువార్త మా మామగారిని వెంటబెట్టుకుని వచ్చి, గదులు, గుమ్మం, నూతి దగ్గర గచ్చు అన్నీ చూసి, తాళం తీసుకుని కొంగున ముడేసుకుంది. నావైపు తిరిగి, "తాగొస్తే తలుపు తియ్యను" అంది. "తియ్యొద్దు" అన్నాను.

ఏడాది పైగా ప్రతి సాయంత్రం ఆ గుమ్మంలో నిలబడేవాణ్ణి, ఆమె తలుపు కొంచెం తెరిచి నా ఊపిరి వాసన చూసి అప్పుడే రానిచ్చేది. నాకు కోపం రాలేదంటే అది దేవుని కృపే! చిన్నపాప మాత్రం నేను వస్తే అక్క వెనక్కి వెళ్ళిపోయేది. ఒక ఆదివారం ఆరాధన నుంచి వస్తుంటే ఎండకు రోడ్డు కాలుతోంది, చిన్నది ఆగిపోయి, "నాన్నా, ఎత్తుకో" అంది. నడి రోడ్డు మీద దాన్ని ఎత్తుకుని ఏడ్చాను.

నా దేవునికి వందనాలు, నన్ను నమ్మకుండానే చోటిచ్చిన ఆ తల్లికీ వందనాలు. మీలో ఎవరైనా నేనున్న చోట ఉంటే, సిగ్గుపడకండి, ఉన్నదున్నట్టు ఆయనతో చెప్పండి, ఆయన తోసెయ్యడు. ఒంటరిగా చెప్పలేకపోతే ఆరాధన అయ్యాక నా దగ్గరకు రండి, ఇద్దరం కలిసి మోకరిద్దాం.