కంటి ఎత్తు కిటికీ

తప్పులుంటే మన్నించండి, అయిదో తరగతి వరకే చదివాను. ఫోన్‌లో రాయడం ఈ మధ్యే నేర్చుకున్నాను.

మేము ఆత్మకూరులో ఇల్లు కడుతున్నాం. ఉదయగిరి దగ్గర ఎవరో పేరున్న ఆర్కిటెక్ట్ కట్టిన పాత సిమెంటు ఇంటిని ఇప్పుడు అందరూ చూడటానికి తెరిచారు. ఈ రోజు మా ఆయన మేస్త్రీని, మా అత్తను, నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. ఆయన ముందు వరండాకు ఫొటోలు తీసుకుంటుంటే మేము ముగ్గురం వంటింట్లోకి వెళ్లాం. పొయ్యి గట్టుకు ఎదురుగా పొడవాటి కిటికీ ఉంది. అందులోంచి కొండ మొత్తం కనిపించింది.

"ఇంటామెను ఈడ నిలబెట్టి, ఆమె కంటి ఎత్తు కొలిచి పెట్టినారమ్మా దీన్ని," అన్నాడు ఇల్లు చూపించే అతను.

గట్టు ముందు నిలబడి చూశాను. నా కంటికీ సరిపోయింది. ధైర్యం చేసి అడిగాను.

"అత్తా, మన వంటింట్లో గూడా ఇట్టాంటిది పెట్టిద్దామా?"

"ఆ పక్క మీ చినమామోళ్ల ఇల్లు ఉండాది. మాటల్లేనోళ్ల మొహాలు చూస్తా వండుతావా ఏంది మే?"

మేస్త్రీ నవ్వి, "పొగ పోయేదానికి పైన కన్నం పెడతాంలేమ్మా," అన్నాడు.

అప్పుడే మా ఆయన లోపలికి వచ్చి "ఏందంట?" అన్నాడు. "ఏం లేదు," అన్నాను.

పొగకైతే దారి దొరికింది. రేపు పొద్దున మా వంటింటి గోడ లేస్తుంది. ఈలోగా మా ఆయనతో కిటికీ మాట ఎలా మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి. చెప్పాక ఇది చదివిన సంగతి మరిచిపోండి, మా ఆడబిడ్డ కూడా ఫోన్ చూస్తుంది.