పురుగు పట్టని పెట్టెలు

"మీ మామ లేయలేదు పాపా."

పెనుకొండ నుంచి అత్త ఫోన్ చేసి అన్నది ఈ ఒక్క మాటే. గత నెలలో ఒక మంగళవారం పొద్దున, హిందూపురంలో మా కళ్ళద్దాల అంగడి షట్టరు సగం ఎత్తి, ఆ సగం కిందే వంగి నిలబడి విన్నాను. లేయకపోతే లేపు అత్తా అనబోయాను. అంతలో ఆమె వెనక ఎవరో ఏడవడం వినిపించింది. మామ నిద్రలోనే వెళ్ళిపోయాడు.

ఆయన ఊరికి పెద్దమనిషేమీ కాదు. ఆయన మీద నాలుగు మాటలు రాయమని నన్నెవరూ అడగలేదు. కానీ ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. రెండేళ్ళు నోట్లో పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు వినడానికి మీరే ఉన్నారు.

మామ మా అమ్మకు తమ్ముడు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఇంట్లో పుట్టాడు. తాత పక్కన కూర్చుని చీరలు మడతపెట్టాల్సిన మనిషి, నా చిన్నప్పుడు హిందూపురం వచ్చి, ఒక బెల్లం మండీ మీది మేడగదిలో నాలుగు టీవీలు పెట్టి వీడియో గేముల అంగడి తెరిచాడు. ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను: అప్పట్లో ఒక్కో ఆట ఒక్కో ప్లాస్టిక్ డబ్బాలో ఉండేది. అరచెయ్యంత ఉంటుంది. దాన్ని మిషన్‌లో గుచ్చితే టీవీలో బొమ్మ వస్తుంది. మేం దాన్ని క్యాసెట్ అనేవాళ్ళం.

కింద బెల్లం, పైన మేం. చీమలు కూడా మెట్లెక్కి వచ్చేవి. అందుకని గుమ్మం దగ్గర బకెట్టు నీళ్ళు, తుండుగుడ్డ పెట్టి, చేతులు కడుక్కోనిదే ఎవరినీ లోపలికి రానిచ్చేవాడు కాదు. కడిగితే చాలదు, తుడవాలి. "ఏమప్పా, చేతులు చూపీ" అని ఎనిమిదేళ్ళవాణ్ణి కూడా చీరలు కొనడానికొచ్చిన ఆసామిని అడిగినంత మర్యాదగా అడిగేవాడు. ఎవడైనా క్యాసెట్‌లోకి నోటితో ఊదితే మాత్రం ఆ మర్యాద గాలికి పోయేది. "దాన్ని ఎంగిలి చేస్తావేమబ్బా!" అని కేక. మిషన్‌లో పెట్టేముందు ప్రతి క్యాసెట్‌నూ కళ్ళకద్దుకునేవాడు. పొద్దున మొదటి చీర బయటికి తీసేటప్పుడు తాత చేసే పని అది. ఆ అంగట్లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. తన బల్ల పక్కన ఎత్తు స్టూలు వేసి నాకొక టీవీ చూపించేవాడు. మగపిల్లలు గొణిగినా పట్టించుకునేవాడు కాదు.

ఇక పెట్టెల సంగతి. క్యాసెట్లు బెంగళూరు నుంచి రంగురంగుల అట్టపెట్టెల్లో వచ్చేవి. మామ క్యాసెట్ తీసుకుని ఆ పెట్టెను పక్కన పడేసేవాడు. క్యాసెట్‌ను తెల్లటి పలచటి గుడ్డలో చుట్టి, ధర్మవరం నుంచి తెచ్చుకున్న చీరల పెట్టెలో పెట్టేవాడు. ఒక్కో పెట్టెలో ఆరు. మూత మీద చీటీ అంటించి ఆటల పేర్లు తనకు తోచినట్టు రాసేవాడు. పడవది. గుర్రాలది. బావిలో దూకేది. కొండెక్కేది.

"దాని పెట్టె బాగుండాది కదా, ఏంటికి పారేస్తాండావు మామా?" అని అడిగాను ఒకసారి.

"చీర ఏ మగ్గం మీద నేసినా, ఏ అంగట్లో అమ్మితే ఆ అంగడి పెట్టెలోనే కదా పోయేది. ఇది ఇంగ మన అంగట్లోది" అన్నాడు.

అంతటితో ఆగలేదు. పట్టుచీరను ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంచితే ఆ మడత దగ్గర జరీ తెగుతుంది. అందుకే అప్పుడప్పుడు విప్పి, గాలికి పెట్టి, మడత మార్చి పెడతారు. మామ క్యాసెట్లకు కూడా అదే సేవ చేశాడు. అమావాస్య నాడు అంగడికి సెలవు. ఆ రోజు పెట్టెలన్నీ విప్పి, చాప మీద క్యాసెట్లు పరిచి, గుడ్డలు దులిపి, పోయిన నెల వెల్లకిలా ఉన్నదాన్ని ఈ నెల బోర్లా పెట్టేవాడు. చీటీ మీద ఒక గీత గీసేవాడు. ప్లాస్టిక్‌కు మడతేముంది మామా అని నేను నవ్వితే, "లేదని నీకు తెల్సునా?" అనేవాడు. నాకు తెలుసు. ఆయనకూ తెలిసే ఉంటుంది. ఆ చేతులు ఊరుకోవు, అంతే.

అంగడి పెట్టిన ఆరు నెలల దాకా తాత ఆయనతో మాట్లాడలేదు. ఒక అమావాస్య నాడు చెప్పాపెట్టకుండా వచ్చాడు. మామ తడబడుతూనే "నాయనా, చేతులు కడుక్కో" అన్నాడు. తాత కడుక్కున్నాడు. లోపల చాప మీద పరిచిన క్యాసెట్లను, పక్కన తన అంగడి పేరున్న పెట్టెలను చూశాడు. కూర్చుని ఆ తెల్ల గుడ్డలు ఒక్కొక్కటీ మడతపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నమంతా తండ్రీ కొడుకులు అలా మడతలు పెట్టారు. మెట్లు దిగేటప్పుడు తాత, "పెట్టెలు చాలకుంటే చెప్పి పంపు" అన్నాడు. నేను తర్వాత చేసిన పని చదివేటప్పుడు ఈ మధ్యాహ్నాన్ని గుర్తు పెట్టుకోండి.

ఖాళీ రంగుల పెట్టెలు బహుమతులయ్యేవి. ఎవరైనా ఒక ఆటను చివరిదాకా ఆడి ముగిస్తే ఆ ఆట పెట్టె వాళ్ళది. అలా అవి హిందూపురం నిండా చెల్లాచెదురయ్యాయి. ఒక్క పెట్టె మాత్రం మిగిలిపోయింది. కొండెక్కేది. ఒక పొట్టి మనిషి తాడు పట్టుకుని కొండ ఎక్కుతుంటాడు, పైనుంచి రాళ్ళు దొర్లుతుంటాయి. దాన్ని ఎవరూ ముగించలేదు. నేను రెండు వేసవి సెలవులు దాని ముందే కూర్చున్నాను. ఎప్పుడూ ఒకే చోట, చీకటి గుహ దాటిన వెంటనే, పడిపోయేదాన్ని. "పెట్టె నీకే పాపా, ఎత్తిపెట్టినా. అయిపోగొట్టు, ఇస్తా" అనేవాడు.

ఒకసారి జ్వరం తగ్గినా బడికి పోకుండా ఆయన దగ్గరే ఉండిపోయాను. మధ్యాహ్నం అంగట్లో ఎవరూ లేరు. మామ క్యారియర్ విప్పుకుని, కొండెక్కేది పెట్టి, ఏమీ ముట్టుకోకుండా కూర్చున్నాడు. కాసేపు ఎవరూ ముట్టకపోతే ఆ ఆట తనంతట తానే ఆడి చూపిస్తుంది. పొట్టి మనిషి ఎవరూ నడపకుండానే ఎక్కడం మొదలుపెట్టాడు. నాకు భయమేసింది. టీవీ ముందున్న ఖాళీ కుర్చీలో ఎవరో కూర్చున్నట్టే ఉంది. మామ ముద్ద మింగుతూ, "చూడు పాపా, మనం ముట్టకున్నా ఆడుతానే ఉండాది" అన్నాడు. ఆయనకు అది చూస్తే నెమ్మదిగా ఉండేదట.

తర్వాత ఇళ్ళలోకి కంప్యూటర్లు, చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. మేడగది ఖాళీ అయింది. అత్త పుట్టినూరు పెనుకొండలో, కొండ కింద ఇల్లు తీసుకుని వెళ్ళిపోతూ మామ ఒక మిషన్, క్యాసెట్లతో సహా ఐదు చీరల పెట్టెలు నా చేతిలో పెట్టాడు. "నీకైతే చేతులు కడుక్కునే బుద్ధి ఉండాది" అన్నాడు. నిజమే. అద్దాన్ని అంచుల దగ్గరే పట్టుకోవాలని, తుడిచాకే ఎదుటివాడి చేతికివ్వాలని నాకు ఏ కోర్సూ నేర్పలేదు. నా పనిలో నలుగురు మెచ్చుకునేది ఏదైనా ఉంటే అది ఆ మేడగదిలోదే.

అయితే ఆ బుద్ధి నాకు మరీ ముదిరింది. పెళ్ళై, అంగడి నిలదొక్కుకున్నాక, పాత క్యాసెట్లు సేకరించేవాళ్ళ గుంపు ఒకటి ఫోన్‌లో దొరికింది. వాళ్ళ లెక్కలో అసలు పెట్టె లేని క్యాసెట్ చెప్పుల్లేని పెళ్ళికొడుకు. మూలలు నలిగాయా, మూత చిరిగిందా, ఎండకు రంగు వెలిసిందా, పొద్దస్తమానం ఇదే గోల. నేనూ అందులో పడ్డాను. పెట్టె మీద బొమ్మ చూసే కదా ఆశ పుట్టింది, ఆ ఆశ కూడా ఆటలో భాగమే అని వాదించేదాన్ని. ఆ వాదన తప్పని ఇప్పటికీ అనను. ఎవరెవరినో అడిగి, ఎక్కడెక్కడో తిరిగి ఇరవై తొమ్మిది క్యాసెట్లకు అసలు పెట్టెలు సంపాదించాను. ఒకటి మా వీధి దర్జీ దగ్గరే దొరికింది, గుండీలు పోసుకున్నాడు. అన్నిటినీ ప్లాస్టిక్ తొడుగుల్లో బిగించి అద్దాల బీరువాలో నిలబెట్టాను. ముప్పయ్యోది, కొండెక్కేది, పెట్టె లేకుండా ఒంటరిగా నిలబడింది.

చీరల పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఇంట్లో చోటు లేదు. పాత పేపర్ల బండి వీధిలోకి వస్తే చీటీలతో, గీతలతో సహా ఐదింటినీ వేసేశాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. సిగ్గుపడేది అందుకే.

రెండేళ్ళ కిందట మామ కళ్ళు చూపించుకోవడానికి వచ్చి, మా ఇంటికి భోజనానికి వచ్చాడు. బీరువా ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"బాగుండాయి పాపా. నా పెట్టెలు యాడ?"

పారేశానంటే సరిపోయేది. తిట్టేవాడు, లేదంటే నవ్వేవాడు. నాకు నోరు రాలేదు. "పురుగు పట్టినాయి మామా. అందుకే తీసేసినా" అన్నాను.

మీకిది చిన్న అబద్ధంలా అనిపించవచ్చు. పట్టుచీరల ఇంట్లో పుట్టిన మనిషితో, నువ్వు సర్దిన పెట్టెకు పురుగు పట్టిందనడం కంటే పెద్ద మాట లేదు. నీకు చేతకాలేదని చెప్పడమే అది. నేనూ ఆ ఇంటి ఆడబిడ్డ కూతుర్నే, తెలియక అన్నది కాదు. మామ "పురుగా?" అన్నాడు. తన చేతులు ఒకసారి చూసుకున్నాడు. "అట్లనా" అని, ఒంటరిగా ఉన్న క్యాసెట్ వైపు తిరిగాడు.

"దీనికి పెట్టె లేదా?"

"నీ దగ్గరే కదా మామా ఉండాది. ఇస్తే సెట్టు నిండుతాది."

"అయిపోగొట్టినావా?"

నాకు చిరాకేసింది. "ఇప్పుడవి ఆడేటివి కావు మామా, పెట్టుకునేటివి."

"ఆడనిదానికి పెట్టె ఏంటికి పాపా" అన్నాడు, గొంతు పెంచకుండా.

ఆయనకు కొత్త కళ్ళద్దాలు, వాటికి మంచి గట్టి డబ్బా ఇచ్చి బస్సెక్కించాను. ఈసారి కలిసినప్పుడు నిజం చెప్పేద్దాం అనుకున్నాను. చాలాసార్లు కలిశాం. పెళ్ళిళ్ళలో, పండగల్లో. ప్రతిసారీ పక్కన ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. లేనప్పుడు కూడా ఉన్నారనే అనుకున్నాను.

పెద్దకర్మ ముగిసి చుట్టాలు కదిలాక అత్త నన్ను లోపలి గదిలోకి పిలిచింది. మంచం మీద ఆమె పట్టుచీరలన్నీ విప్పి పరిచి ఉన్నాయి.

"ఒకసారి చూడు పాపా, నీ కంటికి యాడన్నా పురుగు కనపడతాదేమో. మీ ఇంటికాడి నుంచి వచ్చినప్పటి నుంచి ఆయప్పకు ఇదే యావ. నెలనెలా నా చీరలన్నీ తీసేది, ఎండలో వేసేది, వెతికేది. ఒక్కటి కనపడలా. 'నేను పెట్టిన పెట్టెలకు పురుగు పట్టినాదంటే యాడో తడి చెయ్యి పెట్టింటా' అనేవాడు. నీకు కళ్ళ పని తెల్సు కదా, చూడు."

ఊరందరి చేతులూ కడిగించి తుడిపించిన మనిషి, రెండేళ్ళు తన చేతుల్నే అనుమానిస్తూ బతికాడు. నేను మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను.

అత్త అంతటితో వదల్లేదు. కిటికీ గూట్లోంచి ఒక అట్టపెట్టె తెచ్చింది. "ఇది నీకని ఎత్తిపెట్టినాడు, తీసుకుపో." కొండెక్కేదాని పెట్టె. ఒక్క మూల నలగలేదు. మూత తెరిస్తే, క్యాసెట్ ఉండాల్సిన గుంటలో నేను చేయించి ఇచ్చిన కళ్ళద్దాలు. నేనిచ్చిన గట్టి డబ్బాలో అత్త సూదులు పెట్టుకుందట. మూత లోపలి వైపు చీటీ ఉంది. చీరల అంగట్లో ఎవరికైనా చీర ఎత్తిపెడితే ఇలాగే పేరు రాసి అంటిస్తారు. మామ చేతిరాత: "పాపది. ఇంకా కాలేదు." దాని కింద వరసగా గీతలు. చివరి గీత సిరా ఇంకా నల్లగా ఉంది.

అత్త కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టబోయింది.

"పురుగు లేదత్తా" అన్నాను. "ఎప్పుడూ లేదు. ఆ పెట్టెలు నేనే పాత పేపర్ల బండికి వేసినా. చెప్పను నోరు రాక పురుగని చెప్పినా."

అత్త కళ్ళద్దాలను కొంగుతో తుడిచింది. బయట అద్దె కుర్చీలు బండికి ఎక్కిస్తున్నారు.

"ఆయప్పకు చెప్పింటే అయిపోయేది కదా పాపా" అంది చివరికి. కోపంగా అనలేదు. కోపగించుకుని ఉంటే బాగుండేది. కళ్ళద్దాలు మళ్ళీ ఆ గుంటలోనే పెట్టి, మూత మూసి, పెట్టెను గూట్లో పెట్టేసింది. "ఇంకా కాలేదని రాసినాడు కదా. అయినంక రా, ఇస్తా."

మర్నాడే ధర్మవరం వెళ్ళి ఐదు ఖాళీ చీరల పెట్టెలు అడిగి తెచ్చుకున్నాను. మూతల మీద చీటీలు అంటించాను గానీ వాటి మీద ఏం రాయాలో నాకు చేతకాలేదు. ఆదివారం మధ్యాహ్నాలు చేతులు కడుక్కుని, తుడుచుకుని, కొండెక్కేదాన్ని కళ్ళకద్దుకుని మిషన్‌లో పెడతాను. ఇంకా ఆ గుహ దాటిన చోటే పడిపోతున్నాను.

పడ్డాక కాసేపు ఏమీ ముట్టుకోను. పొట్టి మనిషి ఎవరూ నడపకుండానే కింది నుంచి బయలుదేరతాడు. రాళ్ళు తప్పించుకుంటాడు, గుహ దాటుతాడు, నేను పడిపోయే చోటికి ఒక్క అడుగు పైన ఉండగా తెర నల్లబడుతుంది. ఆ నలుపులో నా మొహం, నా పక్కన ఖాళీ కుర్చీ కనిపిస్తాయి.

"పురుగు పట్టలేదు మామా" అంటాను.

తెర వెలుగుతుంది. ఆయన మళ్ళీ కింది నుంచి ఎక్కడం మొదలుపెడతాడు.