అండమాన్ వేటకు మా ఏర్పాట్లు

టెక్కలిలో మా ఇంటికి ఒకరోజు పొడుగాటి గొట్టంలాంటి పార్శిల్ వచ్చింది. కర్టెన్ రాడ్లు తెప్పించుకున్నామనుకుంది పక్కింటావిడ. విప్పితే లోపల రీలు బిగించే గాలం కర్రలు రెండున్నాయి. ఒకటి మా ఆయనకి, ఒకటి మా తమ్ముడికి. ఫిబ్రవరిలో అండమాన్ వెళ్లి నడిసముద్రంలో సరదాకి చేపల వేట చెయ్యాలని బావా బావమరుదులిద్దరూ ఏడాదిగా అనుకుంటున్నారు. నేనూ వెళ్తాను గానీ, నా పని సంచులు సర్దడం, ఒడ్డున కూర్చుని వాళ్లని ఫొటోలు తియ్యడం.

మా ఆయన మండలాఫీసులో గుమస్తా. తమ్ముడికి పలాస దగ్గర కొబ్బరితోట ఉంది. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పుట్టి పెరిగిందంతా సముద్రానికి అరగంట దూరంలోనే అయినా, ముగ్గురిలో ఎవరమూ మోకాలి లోతు దాటి ఎరగం.

ఆదివారాలు తోటలో సాధన మొదలైంది. మొదటిరోజే మా ఆయన తాడు చివర కట్టి విసిరిన సీసపు గుండు కొబ్బరిచెట్టు మొవ్వులో ఇరుక్కుంది. కాయలు దింపే మనిషి ఎక్కి తీసి, కిందికి వచ్చాక నిదానంగా అడిగాడు. "బాబూ, సేపలు పైనుంటాయని ఎవులు సెప్పినారు?" ఆ రోజంతా తలుచుకుని తలుచుకుని నవ్వుకున్నాం.

తర్వాత అండమాన్‌లో పడవ ఉన్నాయనకి ఫోన్ చెయ్యాలి. హిందీలో మాట్లాడాలేమోనని మా ఆయన నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకున్నాడు. స్పీకర్ పెట్టి, గొంతు సవరించుకుని మొదటి వాక్యం చదివాడు. రెండోది వెతుక్కుంటూంటే పక్కనుంచి తమ్ముడు, "బావా, ఎన్ని రోజులో సెప్పు ముందు" అన్నాడు.

ఆ మాట విని అవతలి మనిషి తెలుగులోకి దిగాడు. "ఏ ఊరోలండి మీరు?"

"టెక్కలి."

"మాది సంతబొమ్మాళి దగ్గరే. మా నాయన ఇటొచ్చీసినాడు. ఇక్కడ మనోలు సానామందే ఉన్నారు."

మా ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత అరగంట మాట్లాడుకున్నాం. ఏ చేపలు పడతాయి, ఎంత పెద్దవి, ఏ వేళప్పుడు వెళ్లాలి, అన్నీ చెప్పాడు. చివర్న అడిగాడు. "ఎప్పుడైనా పడవెక్కినారా?" లేదన్నాం. "అలాగైతే వచ్చేముందర ఒకపాలి మన సముద్రం మీదకెళ్లండి. ఎవరికి పడతాదో ఎవరికి పడదో అక్కడే తేలిపోద్ది. అక్కుపల్లిలో మా పెదనాన్న కొడుకున్నాడు, నాను సెప్తాను."

అలా ఒక రెండో శనివారం తెల్లవారేసరికి అక్కుపల్లి ఒడ్డున ఉన్నాం. ఫోన్లో చెప్పిన ఆ అన్న, పడవ ఆయనదే, యాభై దాటిన మనిషి, మాట తక్కువ. మా కర్రలు చేత్తో తూచి చూసి, "బాగున్నాయి" అన్నాడు అంతే. నేను ఒడ్డున ఉండిపోతానంటే, "సోటుంది, ఎక్కమ్మా" అన్నాడు. ఎక్కాను.

ఒడ్డు దగ్గర విరిగే అలలు దాటేవరకు పడవ ఎగిరెగిరి పడింది. అవి దాటాక సముద్రం మెల్లగా పైకీ కిందికీ ఊగింది. ఆ ఊపే మావాళ్ల ప్రాణం తీసింది. కొబ్బరిచెట్లు సన్నటి గీతలా కనిపించేసరికి మా ఆయన మొహం పాలిపోయింది. పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకున్నాడు. తమ్ముడు కాసేపు ఓర్చుకున్నాడు గానీ వాడూ కళ్లు మూసుకుని కూలబడ్డాడు. నాకు మాత్రం ఏమీ కాలేదు. పైగా ఆకలేసింది. ఆ మాట అక్కడ పైకి అనలేదు.

"ఈ కర్ర పట్టుకోమ్మా, ఊరికే ఉన్నావు గదా" అన్నాడు పడవాయన. ఎరగా రేకు చేప కట్టిన తాడు నీళ్లలో లాక్కుంటూ పడవ నెమ్మదిగా పోతోంది. ఎంతసేపయిందో తెలీదు, ఉన్నట్టుండి కర్ర విల్లులా వంగింది. రీలు గిర్రున కూతపెట్టింది. గట్టిగా లాగబోయాను.

"లాగీకమ్మా. పోనీ. దాన్ని అలిసిపోనీ. ఆగినప్పుడు సుట్టు."

అది పోయినప్పుడు పోనిచ్చాను, ఆగినప్పుడు చుట్టాను. చెమట కళ్లలోకి కారింది. కూలబడ్డ తమ్ముడు లేచి కూర్చున్నాడు. "అప్పా, వదలకు" అని అక్కకి ధైర్యం చెబుతున్నాడు. చివరికి పడవ పక్కన నీళ్లలో వెండిలా తళుక్కుమంది. పడవాయన కొక్కెంతో పైకి తీశాడు. కోనాం చేప, వంజరం అంటారే అదే. నా చెయ్యంత పొడుగుంది.

"అమ్మకి సముద్రం పడింది" అన్నాడు ఆయన.

ఆ మధ్యాహ్నం పులుసు పెట్టాను. మా ఆయన బాగుందన్నాడు గానీ రెండ్రోజులు ముభావంగా ఉన్నాడు. ఏడాది ఎదురుచూసిన మనిషి. మూడోరోజు ఆయనే అండమాన్‌కి ఫోన్ చేసి, జరిగింది దాచకుండా చెప్పాడు. అవతలాయన నవ్వలేదు. "బాబుగారికి మాత్తరేసినా ఆ ఊపు పడదు, దీవుల మధ్యన నిలకడ నీళ్లున్నాయి. అక్కడ సేపలు సిన్నవి గానీ బాగా పడతాయి. మీ బావమరిదికి మాత్తరేసి, అమ్మగారితో పాటు నడిసముద్రంలోకి తీసుకుపోతాను" అన్నాడు.

ఫోన్ పెట్టేసి మా ఆయన ఎవరెక్కడ వేటాడాలో రాసుకున్న నోటుబుక్కు తీశాడు. 'నడిసముద్రం' కింద ఉన్న తన పేరు కొట్టేసి నా పేరు రాశాడు. తన గాలం కర్ర తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"నీ సేతికి బరువవుతాదా, సూడు."

"ఏటీ అవదు" అన్నాను. అప్పటికప్పుడు ఇద్దరం కూర్చుని నాకు టోపీ, చేతులకి తొడుగులు, జారని చెప్పులు వెతకడం మొదలుపెట్టాం. చీరతో కుదరదని పంజాబీ డ్రెస్సులు రెండు కుట్టించమన్నాడాయనే.

మర్నాడు బళ్లో సెలవుచీటీ రాశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో కారణం అన్నచోట జ్వరం, పెళ్లి, సొంత పని తప్ప వేరే రాసిన గుర్తులేదు. ఈసారి 'అండమాన్‌లో చేపల వేట' అని రాసి ఇచ్చాను. హెడ్మాస్టరుగారు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కూర్చోండి మేడం" అన్నారు. "అక్కడ ఎంతెంత సేపలు పడతాయేటి?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.