మూడు గ్లాసులు, ఒక తడి మరక

శృంగవరపుకోటలో బేరమాడనివాడు లేడు. కానీ సిరా బొమ్మలో ఒక గ్లాసు తక్కువైందని వంద రూపాయలు తగ్గించుకున్నవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. ఆ రోజు దుకాణానికొచ్చిన ప్రతివాడికీ గొప్పగా చెప్పుకున్నాను.

దెయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. తాతల నుంచీ పాత్రల వ్యాపారం మాది. తూకానికి రానిదాన్ని మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

పోయిన పెళ్లిళ్ల సీజనుకి ముందు, దుకాణం సంచుల మీద అచ్చు వేయించడానికి బొమ్మలు కావాలనుకున్నాను. మా మేడ మీద గదిలో అద్దెకుండే రిటైరైన డ్రాయింగు మాస్టారు పాళీ సిరాలో ముంచి ఇంటి సామాన్లు గీస్తారు. కత్తిపీట, చెంబు, తాళంకప్ప. ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టే. చెంబుకున్న సొట్ట కూడా వదల్లేదు. సొట్ట చెంబు చూపించి సరుకు అమ్ముకోవాలా అని దానికీ బేరమాడాను.

ఆఖరిది గ్లాసులు. మా వంటింటి గోడకున్న చెక్క మీద నాలుగు స్టీలు గ్లాసులుంటాయి. అమ్మ, నేను, నా భార్య సరస, మా అమ్మాయి. ఎవరి గ్లాసు మీద వాళ్ల పేరు కొట్టించాను. పట్టపగలు, పదకొండు గంటలకి, మాస్టారు గడప దగ్గర కూర్చుని గీశారు. గ్లాసుల్ని ఎవరూ కదపలేదు. నేను అక్కడే ఉన్నాను.

కాగితం మీద మూడే ఉన్నాయి. సరస గ్లాసు చోట గుండ్రటి తడి మరక, ఎడమవైపు కాస్త తెగి.

“మాస్టారూ, ఒకటి మింగేసేరేటి?” అన్నాను.

ఆయన చెక్క వైపు చూశారు. కాగితం చూశారు. కళ్లజోడు తుడుచుకున్నారు. “నాను సూసిందే గీసేనయ్యా. గీసినప్పుడు అది నేదు.”

“నా గ్లాసే దొరికిందేటి మాస్టారూ మీకు?” అని సరస పకపకా నవ్వింది.

“వంద తగ్గించండి” అన్నాను.

“తగ్గించకు బాబూ. రేపు మళ్లీ గీస్తాను. నాలుగూ వచ్చీదాకా గీస్తాను.” ఆయన బతిమాలారు. చేతికొచ్చిన తగ్గింపు పోతుందని నేనే ఒప్పుకోలేదు.

ఆ వారమే సరస, “ఏవండీ, ఎడం సెయ్యి లాగేస్తన్నాది. ఓపాలి ఇజీనారం ఆస్పత్రికెల్దుమా?” అంది.

“గ్యాసే. వాము నవులు. సీజను అవనీ.”

మళ్లీ అడిగింది. మళ్లీ అదే అన్నాను. మూడోసారి అడిగినప్పుడు బిందెలు లెక్కపెడుతున్నాను. తలెత్తలేదు.

బొమ్మ గీసిన తొమ్మిదో రోజు పొద్దున్న నీళ్లు తాగుతూ కూలబడింది. ఆటోలో కూడా గ్లాసు వదల్లేదు. విజయనగరం దారిలో గంట్యాడ దాటాక చేతిలోంచి జారిపోయింది. ఎక్కడ పడిందో ఎవరం చూడలేదు. ఆస్పత్రిలో దింపేసరికే అయిపోయిందన్నారు.

మధ్యాహ్నం మూడింటికి ఇంటికి తీసుకొచ్చాం. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. చెక్క మీద మూడు గ్లాసులు. నాలుగో దాని చోట మరక, ఎడమవైపు కాస్త తెగి. మే నెల ఎండ. పొద్దున్నుంచీ ఆరలేదు. వేలు పెట్టాను, తడే. మా అమ్మాయీ చూసింది.

దినాలయ్యాక ఆ వంద పట్టుకుని మేడెక్కాను. మాస్టారు పుచ్చుకోలేదు. “ఇప్పుడేటి గీయమంటావు?” అన్నారు.

ఆ మరక ఏమిటో నాకిప్పటికీ తెలియదు. నా బిల్లు మాత్రం తెలుసు. బొమ్మ ఒక్కసారే చెప్పింది, దాన్ని తగ్గింపు కింద రాసుకున్నాను. సరస మూడుసార్లు చెప్పింది, నోరు తెరిచి, మామూలు మాటల్లో. అందులో వింతేమీ లేదు. అదంతా నా ఖాతాలోదే.