స్నానాలగదిలో వియ్యాలవారి చేపలు

కర్సిది కట్టుడు పళ్ళు చేస్తాడు. చదువుకున్న డాక్టరు కాదు, తండ్రి దగ్గర నేర్చుకున్న పని. జావా తూర్పు కొసన, బాన్యువాంగిలో మా వీధి మొదట్లోనే అతని కొట్టు. బోర్డు మీద మనిషి లేకుండా నవ్వే నోరొకటి బొమ్మ గీసి ఉంటుంది. దాన్ని చూసి పిల్లలు జడుసుకుంటారు. మా వీధిలో యాభై దాటినవాళ్ళ నవ్వుల్లో సగం కర్సిది చేతిపనే.

పళ్ళు కట్టించుకోవడానికి వచ్చేవాళ్ళ భయం పోవాలని కొట్టులో గోడ పొడవునా ఉప్పునీళ్ళ చేపలతొట్టి పెట్టాడు. అంత పెద్ద తొట్టిలోనూ ఉండేది ఒక్కటే చేప. అరచేయంత ఉంటుంది, నీలం ఒళ్ళు, పసుప్పచ్చ తోక. పేరు జురాగన్, అంటే యజమాని. వయసు పదకొండేళ్ళు. పొద్దున్నే కర్సిది ముందు జురాగన్ మొహం చూసి, ఆ తర్వాతే తన మొహం చూస్తాడని భార్య ముంతియా ఇంటింటికీ చెప్పుకుంది.

ఒకప్పుడు ఆ తొట్టి నిండా చేపలే. ఏడేళ్ళ కిందట కర్సిది బజార్లో ఒక చారల చేపను చూసి ముచ్చటపడి కొని, ఇంటికి తెచ్చిన గంటలోనే తొట్టిలో వదిలాడు. వారం తిరక్కుండా ఒక్కోదాని ఒంటి మీదా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయి. పన్నెండు చేపలు పోయాయి. జురాగన్ ఒక్కడే చావు తప్పి బయటపడ్డాడు. ఆ వారం కర్సిది ఏడుపులో ఒకాయనకి పైపళ్ళు కిందికీ, కిందిపళ్ళు పైకీ కట్టాడు. మర్యాదస్తుడు కాబట్టి ఆయన ఏమీ అనకుండా రెండు నెలలు అలాగే తిన్నాడు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో కొత్త చేప ఏది వచ్చినా ముప్ఫై రోజులు వేరుకాపురమే. స్నానాలగదిలో, గచ్చుతొట్టి పక్కన, బల్ల మీద ఒక అద్దాల పెట్టె. అందులో ఇసుక లేదు, రాళ్ళు లేవు, దాక్కోవడానికి రెండు పైపుముక్కలు మాత్రం ఉంటాయి. రోజూ కొలిచి రాగి మందు వెయ్యాలి. దాని వల వేరు, మగ్గు వేరు, తువ్వాలు వేరు. అందులో చెయ్యి పెట్టినవాళ్ళు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోకుండా కొట్టులోకి రాకూడదు. స్నానం చేసేటప్పుడు నురగ చుక్క కూడా పడకుండా పెట్టె మీద గొడుగు విప్పి పెట్టాలి.

"చేపలకి గొడుగూ, నాకు పక్కింటివాళ్ళ బాత్రూమూనా?" అనేది ముంతియా, భుజాన తువ్వాలు వేసుకుని బయల్దేరుతూ.

ఇక అసలు కథ. వీళ్ళకు ఒక్కతే కూతురు ఫైజా. ఇరవయ్యారేళ్ళ పిల్ల, మందుల షాపులో పని. చేపలకి సముద్రపు నీళ్ళు డబ్బాల్లో తెచ్చిపోసే అబ్బాయి పేరు ఇమ్రాన్. నీళ్ళు పొయ్యడానికి పావుగంట చాలు, అతను గంటన్నర ఉండేవాడు. దాని భావం ఏమిటో వీధిలో అందరికీ తెలుసు. పాపం ఈ కుర్రాడికి చేపలంటే ఎంత ఇష్టమో అనుకున్నది ఒక్క కర్సిదే.

ఒక ఆదివారం పొద్దున్న ఇమ్రాన్ తరఫువాళ్ళు పిల్లనడగడానికి వచ్చారు. కొబ్బరి మిఠాయిలు, అరటిగెల, బాతిక్ బట్టలు తెచ్చారు. ముందు నడిచింది తండ్రి సహురి. ముప్ఫై ఏళ్ళుగా సముద్రంలో మునిగి రంగుచేపలు పట్టి అమ్ముతున్న మనిషి, ఛాతీ ఎంతో గొంతూ అంత. వెనకాల అతని తల్లి సనియా అవ్వ. ఆవిడకి నోట్లో ఒక్క పన్నూ లేదు. మనవడి పెళ్ళి ఫొటోలో పెళ్ళికూతురి పళ్ళకంటే తన పళ్ళే తెల్లగా కనపడాలని, నెల ముందే కర్సిది కొట్టుకొచ్చి అన్నిట్లోకీ తెల్లనివి ఏరి పక్కన పెట్టించుకుంది.

సహురి చేతిలో గాలి నింపిన ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో నారింజరంగు చేపలు రెండు, ఒంటి మీద మూడేసి తెల్లపట్టీలు.

"బావగారూ, ఇవి జంట," అన్నాడు సహురి. "బతికినన్నాళ్ళూ ఒకదాన్నొకటి విడవవు. మన పిల్లలూ అలాగే ఉండాలని నేనే మునిగి పట్టుకొచ్చా. మరి మీ అమ్మాయిని మా వాడికి ఇస్తారా?"

అందరూ కర్సిది మొహం చూస్తున్నారు. కర్సిది సంచిలో నీళ్ళు చూస్తున్నాడు. నీళ్ళు కొంచెం మసకగా ఉన్నాయేమో, ఆ చిన్నచేప రెక్క ముడుచుకుందేమో అని అతని ప్రాణం కొట్టుకుంటోంది.

"ఆఁ, అలాగే, అలాగే. ఇస్తాం," అనేశాడు. వడకట్టకుండా ఇచ్చిన కాఫీ, గ్లాసుల్లో పొడి ఇంకా అడుక్కి దిగలేదు.

"ఇంకేం! అయితే మన చేతుల్తోనే తొట్టిలో వదిలేద్దాం," అని సహురి లేచాడు.

కర్సిదీ లేచాడు. మావైపు పెద్దమనిషి మొహం మీద కాదు అనే మాట అనరు. "వదులుదాం, తప్పకుండా వదులుదాం. కాకపోతే ఇవాళ మన జావా పంచాంగంలో 'వాగే' అనే రోజు కదండీ. ఈ రోజున చేపలకి నీళ్ళు మార్చకూడదని మా నాన్న అనేవాడు," అన్నాడు. వాళ్ళ నాన్న జన్మలో చేపను పళ్ళెంలో తప్ప చూసినవాడు కాదు.

"రోజు బాగాలేదంటే సరే," అన్నాడు సహురి. "నేనింకా ఏమో అనుకున్నా. కొందరు వెర్రివాళ్ళుంటారు బావగారూ, కొత్త చేపని నెలరోజులు వేరుగా పెడతారట, జబ్బుందేమోనని. అలాంటివాడితో నేను ఇంకోసారి మాట కలపను. నా చేపకి జబ్బంటే నా మొహాన ఉమ్మేసినట్టే!"

"ఎంత వెర్రి, ఎంత వెర్రి," అని కర్సిది అందరికంటే గట్టిగా నవ్వాడు. తలుపు చాటున ముంతియా కొంగు నోట్లో కుక్కుకుంది.

వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో చేపలు స్నానాలగదికి చేరాయి, గొడుగు విచ్చుకుంది. ఇక కర్సిదికి అన్నం సహించలేదు. చేపల్ని పెద్ద తొట్టిలో వదిలితే జురాగన్ పోతాడు. వదల్లేదని సహురికి తెలిస్తే కూతురి పెళ్ళి పోతుంది.

నాలుగో రోజు సహురి కబురు పంపాడు. ఆదివారం అమ్మని పళ్ళ కొలతకి తీసుకొస్తాను, మన జంట ఎలా ఉందో కూడా చూసిపోతాను అని. ఆరో రోజు పొద్దున్న కర్సిది భూతద్దం పెట్టి చూస్తే, ఆడచేప రెక్క మీద తెల్లచుక్కలు మూడు. సాయంత్రానికి తొమ్మిది.

"ఉన్నమాట చెప్పెయ్యరాదూ," అంది ముంతియా.

"ఏమని చెప్పనే? మీరు శుభమాని తెచ్చిన చేపలకి రోగమండీ అనా? వేరుగా పెట్టినందుకే మొహాన ఉమ్మినట్టయితే, దీనికింకెంత అవుతుంది?"

మనిషికి దారి దొరక్కపోతే తనకొచ్చిన పనే చేస్తాడు. కర్సిది మైనంతో రెండు చేపలు చెక్కాడు, సున్నపుముద్దలో అచ్చు తీశాడు, పళ్ళసెట్ల చిగుళ్ళకి వాడే గులాబీరంగు పొడి కలిపి పోశాడు. గులాబీ నారింజగా మారడానికి ముంతియా డబ్బాలోంచి పసుపు చిటికెడు. రెండు గంటలు ఉడకాలి కాబట్టి పొయ్యి మీది పులుసుగిన్నె దించి అచ్చుల గిన్నె ఎక్కించాడు. మిగిలింది తెల్లపట్టీలు. కొట్టులో ఉన్న పళ్ళన్నీ కాఫీ, సిగరెట్టు అలవాటున్న నోళ్ళకి నప్పే పసుపుదనం పళ్ళే. తెల్లనివి సనియా అవ్వ ఏరి పెట్టుకున్నవి మాత్రమే. కర్సిది కళ్ళు మూసుకుని వాటినే పొదిగేశాడు.

"నాన్నా, ఇవి నడుంతో నవ్వుతున్నాయి," అంది ఫైజా. "వీటికి మాత్రం ముప్ఫై రోజులు అక్కర్లేదా?"

"ఉడికిన చేపకి జబ్బేంటే!" అని కర్సిది వాటిని సన్నని దారంతో తొట్టి మూతకి వేలాడదీశాడు.

ఆదివారం సహురి, సనియా అవ్వ, ఇమ్రాన్ వచ్చారు. ముంతియా వేయించిన అరటిపళ్ళు పెట్టి, అతిథుల్ని తొట్టికి వీలైనంత దూరంగా కూర్చోబెట్టింది. నీళ్ళ మోటారు తోపుకి దారాల మీద చేపలు మెల్లగా ఊగుతున్నాయి.

"చూశారా ఎంత బుద్ధిగా ఉన్నాయో! అటూ ఇటూ పరుగులు లేవు," అన్నాడు సహురి.

"అంతా మీ పెంపకం," అన్నాడు కర్సిది.

జురాగన్‌కి మాత్రం ఆ కొత్తవాళ్ళు నచ్చలేదు. ఏడేళ్ళుగా ఏకచ్ఛత్రాధిపత్యం చేసినవాడు. తోక మొదట్లో ముల్లున్న జాతి. గిర్రున తిరిగి తోక ఝాడించేసరికి దారం తెగి, ఒక చేప రాయిలా అడుక్కి దిగి ముక్కు మీద నిలబడింది.

"దానికేమైంది?" అన్నాడు సహురి, అరటిపండు నోటి దగ్గర ఆపి.

"కునుకు తీస్తోందండీ. మధ్యాహ్నాలు కొంచెం అలవాటు," అన్నాడు కర్సిది.

సనియా అవ్వ లేచింది. మెల్లగా వెళ్ళి ముక్కు అద్దానికి ఆనించి, అడుగున ఉన్నదాన్ని చాలాసేపు చూసింది.

"ఒరే సహురీ, ఈ చేప నడుం మీద ఉన్నవి నా పళ్ళురా."

అవ్వ వేలితో అద్దం మీద చూపించింది.

"ముందుపళ్ళు నడుం దగ్గర, దవడపళ్ళు తోక దగ్గర. చూసి చూసి నేనే ఏరుకున్నా. నా పళ్ళు నాకు తెలీవా?"

సహురి తొట్టి దగ్గరికొచ్చి ఒక్కసారి చూశాడు. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్నవాడికి రెండోసారి చూడనక్కర్లేదు. "నా చేపలేవి?" అన్నాడు.

కర్సిదికి తల కొట్టేసినట్టయింది. స్నానాలగది వైపు నడిచాడు. వెనకే అందరూ. సహురి గొడుగు తీసి పక్కన పెట్టి, పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. పైపుముక్క చాటునుంచి చేపలు రెండూ బయటికొచ్చాయి. ఒంటి మీద చుక్కలు లెక్కపెట్టొచ్చు. ఇహ సంబంధం పోయినట్టే అనుకుని కర్సిది గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కూతురి మొహం చూసే ధైర్యం లేకపోయింది.

"ఎప్పుడు లేచాయి?" అన్నాడు సహురి. గొంతు బాగా తగ్గింది.

"మొన్న. మందు వేస్తున్నా. తగ్గిపోతాయి. మీకు చెప్పాలంటే నోరు రాలేదు."

"పట్టిన ప్రతిదాన్నీ వారం పెరట్లో పెట్టి చూసేవాడివి కదరా," అంది అవ్వ. "ఈసారి గొప్పకి పోయి పట్టింది పట్టినట్టే తెచ్చావు."

"అమ్మా, నువ్వూరుకో." సహురి చెవులు ఎర్రబడ్డాయి. కర్సిది వైపు తిరిగి, "ఆ నీలంవాడికేం కాలేదు కదా?" అన్నాడు.

"లేదండీ."

"అదే పదివేలు." సహురి పెట్టెలో వేలు పెట్టి నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో చూసి, లేచి బయటికి నడవబోయాడు.

"చేతులు, నాన్నా," అన్నాడు ఇమ్రాన్. అప్పటికే సబ్బు పట్టుకుని నిలబడ్డాడు.

"నీకు ముందే తెలుసా?"

"నీళ్ళు పోసేది నేనే కదా. చెబితే పెళ్ళీ పోతుంది, చేపా పోతుంది. చెప్పకపోతే మీ కోపం ఒక్కటే. అదెలాగూ రోజూ ఉండేదే."

అవ్వ బోసినోటితో పకపకా నవ్వింది. సహురి మోచేతుల దాకా కడుక్కుంటూ తనూ నవ్వేశాడు. అంతా సర్దుకుందని కర్సిది ఊపిరి పీల్చుకుంటుండగా ఫైజా అంది, నవ్వుతూనే.

"నాన్నా, రెండువేళ్ళ చేపని ఇంట్లో చేర్చుకోవాలంటే నీకు ముప్ఫై రోజులు కావాలి. నన్ను ఇచ్చెయ్యడానికి కాఫీపొడి దిగేదాకా కూడా ఆగలేదే?"

అందరూ గొల్లుమన్నారు. కర్సిది నవ్వలేదు. ఆ ఆదివారం తనేం చూశాడో గుర్తొచ్చింది. సంచిలో నీళ్ళు చూశాడు, చేప రెక్క చూశాడు. పిల్లవాణ్ణి చూడలేదు. పిల్లని అసలే చూడలేదు. కూతురి వైపు తిరిగాడు.

"నీకు ఇష్టమేనా తల్లీ?" అన్నాడు, పిల్లనిస్తామన్న ఎనిమిదో రోజున, మొదటిసారి.

"ఇష్టమే. వారానికి రెండుసార్లు నీళ్ళెందుకని నువ్వొక్కనాడన్నా అడిగావా?"

"అయితే మా వాణ్ణీ పెట్టుకోండి ముప్ఫై రోజులూ," అంది అవ్వ. "రోజూ వస్తాడు. చుక్కలేమన్నా ఉంటే లేస్తాయి. నా పళ్ళు మాత్రం ఈలోగా కట్టాలి."

అవ్వ మాటే ఖాయమైంది. రోజూ పని దిగాక ఇమ్రాన్ వచ్చేవాడు. కొట్టు గుమ్మంలో అతనికో ప్లాస్టిక్ కుర్చీ, అతనికో వేరే గ్లాసు. కర్సిది పళ్ళు అరగదీస్తూ కళ్ళద్దాల పైనుంచి చూసేవాడు. ముంతియా స్నానానికి పక్కింటికి పోనక్కర్లేకుండా పెట్టె మీదకి ఇమ్రాన్ తాటాకు మూత అల్లుకొచ్చాడు. ఫైజా మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడడు. ఎవరూ చెప్పకుండానే చేతులు కడుక్కుంటాడు. ఒక్కటే లోపం, తాగేటప్పుడు జుర్రుమని చప్పుడు చేస్తాడు. మందు వేసినా అది తగ్గలేదు.

చేపలొచ్చిన పన్నెండో రోజుకి వాటి ఒంటి మీద చుక్కలు మాయమయ్యాయి. చేపల నెల నిండినా ఇమ్రాన్‌ది ఇంకా ఎనిమిది రోజులు మిగిలే ఉంది కాబట్టి, అందర్నీ ఒకేసారి వదులుదామని కర్సిది ఆగాడు. ఇమ్రాన్ నెల కూడా నిండిన రోజున సహురి స్వయంగా చేపల్ని పెద్ద తొట్టిలో వదిలాడు. సనియా అవ్వ కొత్తపళ్ళతో తొట్టి అద్దంలో తన మొహమే చూసుకుంటూ కూర్చుంది. జురాగన్ ఆ జంటని ఒకసారి వాసన చూసి వదిలేసి, మూలకి పోయి దారం మీద వేలాడే పాత శత్రువు కోసం వెతుక్కున్నాడు.

అందరూ వెళ్ళాక కర్సిది గుమ్మంలో ఆ వేరే గ్లాసు తీసుకున్నాడు. తనే కడిగి, లోపలికి తీసుకెళ్ళి, ఇంట్లో గ్లాసుల వరసలో బోర్లించాడు.